వీధిలో పుట్టిన పాట అంటే అసలు ఏంటి? (నైజీరియా స్ట్రీట్ హాప్ గురించి)

రాత్రి_షిఫ్టు
సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేస్తాను. తెల్లవారుజామున మూడు దాటాక నిద్ర ముంచుకొస్తుంది. అలాంటి ఒక రాత్రి నైజీరియా గాయకుడు అషాకే పాట ఒకటి చెవిన పడింది. వీధి మాటలతో కట్టే ఇలాంటి పాటనే స్ట్రీట్ హాప్ అంటారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వెనకాల ఒక వాడ మొత్తం కలిసి గొంతు కలిపినట్టు ఒక కోరస్ ఉంది చూడండి, అది విన్నాక నిద్ర ఎగిరిపోయింది. అప్పటి నుంచి ఒలామిడె, జ్లాటన్, షెయి వైబ్జ్, బెల్లా ష్‌ముర్డా, మోబాడ్... ఒకరి తర్వాత ఒకరిని వింటూనే ఉన్నాను.

ఇప్పుడు నా సందేహం. కొత్త పాట వచ్చినప్పుడల్లా వీళ్లు రేడియోలో, యూట్యూబ్‌లో కూర్చుని దాని గురించి మాట్లాడతారు. ఈ పాట ఎలా పుట్టిందని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: వీధి, దేవుడు, అమ్మ, పడ్డ కష్టం. మొదట్లో మనసుకి తగిలింది. పది మంది నోట అదే విన్నాక, ఇది నేర్చుకుని అప్పజెప్పే మాటేమో అన్న అనుమానం మొదలైంది. నాకు ఆ అనుమానం ఇష్టం లేదు. పాట అంత నిజంగా ఉన్నప్పుడు దాని వెనక మాట డొల్లగా ఎందుకుంటుంది?

వీధి అంటే ఏ వీధి? అందులోంచి పాటలోకి ఏం వస్తుంది? అక్కడ ఉన్నవాళ్లు, సంగీతం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఇకెజా_నుంచి
మంగళవారం, ఉదయం 6:05

తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లుగా నైజీరియాలోని లాగోస్‌లో ఉంటున్నాను. ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని. మాది గుంటూరు జిల్లా. సంగీతం గురించి నాకు పెద్దగా తెలియదు గానీ నువ్వు అడిగిన వీధి మాత్రం రోజూ చూస్తాను.

పొద్దున ఆరింటికి ఓషోడి అనే బస్సుల కూడలి దగ్గర నిలబడితే చాలు. పసుపు రంగు మీద నల్ల చారలున్న డాన్ఫోలు, అంటే మన పాత మెటాడోర్ వ్యాన్ల లాంటివి, ఆగీ ఆగకుండా కదులుతుంటాయి. కండక్టర్ కుర్రాడు తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ ఊరి పేరు అరుస్తాడు. ఊరికే అరవడు. మూడుసార్లు, నాలుగుసార్లు, ఒక వరసలో, చివరి అక్షరం సాగదీసి. మధ్యలో చిల్లర చేతిలో పట్టుకుని ఎక్కమంటాడు. దిగాల్సినవాళ్లు లోపలి నుంచి "ఓ వా ఓ!" అని కేకేస్తారు, దిగేవాళ్లున్నారని. కండక్టర్ వెంటనే బండి రేకు మీద అరచేత్తో దబదబా కొడతాడు. డ్రైవర్‌కి అదే బ్రేకు వేయమని సంకేతం. స్టాపులో అగ్బెరోలు ఉంటారు, బండికి ఇంత అని వసూలు చేసేవాళ్లు. వాళ్లకీ కండక్టర్‌కీ గొడవ. ఆ గొడవలో తిట్టు కూడా ప్రాసలోనే ఉంటుంది.

ఇందులోంచే 'లాంబా' పుడుతుంది. లాంబా అంటే నోటికి పట్టుకునే మాట, ఈ వారం కొత్తగా పుట్టి వచ్చే వారానికి ఊరంతా పాకే మాట. స్ట్రీట్ హాప్ పాటకి అది వెన్నెముక. అలాంటి మాటకి పుట్టినరోజు ఉండదు, రాసినవాడి పేరు ఉండదు. మా ప్యాకింగ్ సెక్షన్‌లో కుర్రాళ్లు ఒక మాట అంటుంటారు, రెండు నెలల తర్వాత అదే మాట పాటలో వినపడుతుంది. ఇది నా అనుభవంలో ఎన్నోసార్లు జరిగింది. కాబట్టి గాయకుడు "వీధి నుంచి వచ్చింది" అంటే చాలాసార్లు అది అక్షరాలా నిజం. ఆ మాట ఎవరు పుట్టించారో అతనికీ తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. ఇక్కడి మూడు చక్రాల ఆటోని కేకే మార్వా అంటారు. తొంభైల చివర్లో లాగోస్‌కి మిలిటరీ పాలకుడుగా ఉన్న మార్వా హయాంలో వచ్చాయని ఆ పేరు. దగ్గరికి వెళ్లి చూస్తే చాలావాటి మీద బజాజ్ అని రాసి ఉంటుంది. మన ఆటోలే. లోపల స్పీకర్లలో ఇవే పాటలు. మొదటిసారి ఎక్కినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంటి మీద బెంగతో.

బీట్లు_కట్టే_పిల్ల
మంగళవారం, ఉదయం 9:40

అన్నా, ఆ రేకు మీద కొట్టే దెబ్బ గురించి చెప్పారు చూడండి, చదవగానే ఒళ్లు జలదరించింది. నేను విజయవాడలో చిన్న హోమ్ స్టూడియో నడుపుతాను. ఈ పాటల్ని ముక్కలు ముక్కలుగా విడదీసి విన్నదాన్ని.

ఒకటి గమనించండి. అషాకే 2022 ఆల్బమ్ 'మిస్టర్ మనీ విత్ ద వైబ్' ఎక్కువ భాగం మ్యాజిక్‌స్టిక్స్ అనే ప్రొడ్యూసర్ చేతి పని. కింద దక్షిణాఫ్రికా డాన్సు సంగీతం అమాపియానో నుంచి వచ్చిన లాగ్ డ్రమ్, లోతుగా, చెక్క మీద కొట్టినట్టు మోగుతుంది. పైన గుంపు పాట. మామూలుగా సినిమా పాటలో కోరస్ అంటే శుభ్రంగా, శ్రుతిలో, ఒకే ఊపిరిలో పాడిస్తాం. ఇక్కడ అలా కాదు. ఒకడు కొంచెం ముందు, ఒకడు కొంచెం వెనక, ఒకడి గొంతు జీర. ఆ తేడాల్ని సరిచేయకుండా వదిలేశారు. అందుకే మన రాత్రి షిఫ్టు గారికి వాడంతా పాడినట్టు అనిపించింది.

నేను ఒక ప్రాజెక్టులో ఇలాగే వదిలేస్తే, పని ఇచ్చినాయన "తప్పులు దిద్దు" అని మూడుసార్లు వెనక్కి పంపాడు. చివరికి దిద్దేశాను. పాట చచ్చిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నా ప్రశ్న: ఈ గుంపు గొంతు వాళ్లకి ఎక్కడి నుంచి వచ్చింది? చర్చి నుంచా?

పాత_క్యాసెట్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

అమ్మా, చర్చి నుంచి కొంత వచ్చింది. తెల్ల అంగీలు వేసుకుని, చెప్పులు విడిచి, చప్పట్లతో గంటలకొద్దీ పాడే అలడూరా చర్చిలు లాగోస్ ఉన్న నైరుతి నైజీరియాలో, యోరుబా భాష మాట్లాడే ప్రాంతంలో చాలా ఉన్నాయి. కానీ అసలు వేరు ఇంకోచోట ఉంది. అది రంజాన్ నెల రాత్రుల్లో ఉంది.

నేను ముప్పై ఏళ్లుగా ఆఫ్రికా సంగీతం క్యాసెట్లు, రికార్డులు పోగేస్తున్నాను. ఓపిగ్గా చదవండి, కాస్త పొడుగు అవుతుంది.

యోరుబా ముస్లింల పేటల్లో రంజాన్ నెలలో తెల్లారకముందే కుర్రాళ్ల గుంపులు డప్పులు, గిన్నెలు, చేతికి ఏది దొరికితే అది వాయిస్తూ ఇంటింటి ముందూ పాడుతూ తిరిగేవి. ఉపవాసం మొదలయ్యేలోపు జనం లేచి తినాలి కదా. ఆ పాటని 'వెరె' అంటారు. మన పాతబస్తీలో సహరీకి లేపుతూ తిరిగేవాళ్లు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. గుంపులకి గుంపులకి పోటీలు కూడా ఉండేవి. 1948లో పుట్టిన సికిరు అయిండె అనే కుర్రాడు చిన్నప్పటి నుంచే వెరె పాడాడు. పెద్దయ్యాక కొన్నాళ్లు సైన్యంలో పనిచేశాడు. బయటికొచ్చి బారిస్టర్ పేరుతో అదే వెరెని పండగ నెల దాటించి ఏడాది పొడుగునా, పెళ్లిళ్లలో, పార్టీల్లో పాడే సంగీతంగా మార్చాడు. దానికి ఫూజీ అని పేరు పెట్టాడు. విమానాశ్రయంలో జపాన్ ఫూజీ కొండ పోస్టర్ చూసి ఆ పేరు పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. 2010 డిసెంబరులో చనిపోయాడు.

ఫూజీలో తీగ వాయిద్యాల కంటే డప్పులదే రాజ్యం. ఒకడు ముందు పాడతాడు, గుంపు అందుకుంటుంది. ముందు పాడేవాడు అక్కడికక్కడ కల్పిస్తాడు: ప్రార్థన, సామెత, ఎదురుగా ఉన్నవాడి పొగడ్త, పోటీవాడికి చురక. ఇప్పుడు షెయి వైబ్జ్ గొంతు వినండి. మాట చివర ఆ వణుకు, ఆ గమకం అచ్చంగా ఫూజీదే, ఇంకా వెనక్కి వెళితే అజాన్‌ది. అషాకే గుంపు కోరస్ కూడా అదే దారిలో వచ్చింది.

అందుకే ప్రేరణ గురించి అడిగినప్పుడు వీళ్లు దేవుడి పేరు చెబుతారు. అది అలంకారం కాదు. ఈ పాట పుట్టుకలోనే నిద్ర లేపి దేవుణ్ణి తలుచుకోమనే పని ఉంది.

రాత్రి_షిఫ్టు
మంగళవారం, రాత్రి 11:50

బాబాయ్, తెల్లారకముందు జనాన్ని లేపే పాట అన్నారు. నన్ను మూడింటికి లేపింది అదేనన్నమాట! ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకదు. కానీ ఫూజీ నుంచి ర్యాప్ దాకా ఎలా వచ్చింది?

పాత_క్యాసెట్
బుధవారం, ఉదయం 7:30

మధ్యలో ఒక కుర్రాడున్నాడు. పేరు డా గ్రిన్. అప్పట్లో నైజీరియా ర్యాప్ అంటే ఎక్కువగా ఇంగ్లిషే, అది కూడా అమెరికా యాసలో. లార్డ్ ఆఫ్ అజాసా లాంటివాళ్లు అంతకుముందే యోరుబాలో ర్యాప్ చేశారు గానీ డా గ్రిన్ 2009లో ఇచ్చిన ఆల్బమ్‌తో అది ఇంటింటికీ వెళ్లింది. ఆ ఆల్బమ్ పేరు 'సీఈఓ'. విప్పితే 'చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఒమో ఇటా'. ఒమో ఇటా అంటే వీధి పిల్లవాడు. పెద్ద ఆఫీసు పదవిని తెచ్చి వీధి పిల్లవాడికి కట్టబెట్టాడు. నాకు ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది, నాదేదో అయినట్టు.

2010 ఏప్రిల్‌లో రాత్రిపూట అతని కారు ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి 22న పోయాడు. పాతికేళ్లు. 'నేను చచ్చిపోతే' అనే అర్థం వచ్చే పాట ఒకటి అతను పాడి ఉన్నాడు. అది విని ఊరంతా ఏడ్చింది.

ఆ ఏడాదే బారిగా పేట నుంచి ఒలామిడె 'ఎని డురో' పాటతో వచ్చాడు. అక్కడి నుంచి మీకు తెలిసిందే.

సూటిగా
బుధవారం, ఉదయం 10:20

అందరూ బాగా రాస్తున్నారు, కానీ ఒక విషయం ఎవరూ ఎత్తడం లేదు. ఈ పాటల్లో చాలావాటికి ప్రేరణ ఆన్‌లైన్ మోసాలు చేసే 'యాహూ బాయ్స్' డబ్బు. మత్తుమందుల ప్రస్తావన కూడా మామూలే. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఇలాంటి ఆన్‌లైన్ పరిచయం నమ్మి దాచుకున్నదంతా పోగొట్టుకుంది. ఆ మోసగాడు ఏ దేశంవాడో మాకు తెలియదు, ఎవరినీ అనడం లేదు. కానీ మోసాన్ని గొప్పగా పాడే పాట విన్నప్పుడు ఆవిడ ముఖం గుర్తొస్తుంది. వీధి నుంచి వచ్చిందంటే అన్నీ ఒప్పుకోవాలా?

ఇకెజా_నుంచి
బుధవారం, రాత్రి 8:45

సూటిగా గారూ, మీ బాధలో న్యాయం ఉంది. నేను కాదనను. ఇక్కడ కూడా ఇది పెద్ద గొడవే.

2019 మేలో నైరా మార్లీ, జ్లాటన్ కలిసి 'యామ్ ఐ ఎ యాహూ బాయ్' అనే పాట విడుదల చేశారు. మరుసటి రోజే ఆర్థిక నేరాల సంస్థ ఈఎఫ్‌సీసీ వాళ్లని అరెస్టు చేసింది. జ్లాటన్‌ని తర్వాత వదిలేశారు, నైరా మార్లీ మీద కార్డు మోసం కేసు పెట్టారు. ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ క్యాంటీన్ రెండుగా చీలిపోయింది. సూపర్‌వైజర్ ఒకాయన, కొడుకు ఇంజనీరింగ్ చదివి నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నాడు, ఆయనకే అందరికంటే ఎక్కువ కోపం. "నా కొడుకు నీతిగా ఉండి ఇంట్లో కూర్చున్నాడు, ఈ పాట వాడికి ఏం చెబుతోంది?" అన్నాడు. పక్కనే ఉన్న కుర్రాడు మాత్రం, ల్యాప్‌టాప్ కొనే డబ్బు జేబులో లేనివాణ్ణి కూడా పోలీసులు రోడ్డు మీద ఆపి యాహూ బాయ్ అంటున్నారు, ఆ ప్రశ్న మాదే అన్నాడు. ఇద్దరిదీ నిజమే అనిపించింది నాకు.

మత్తు సంగతి తీసుకుంటే, ఒలామిడె 2018 మొదట్లో 'సైన్స్ స్టూడెంట్' అనే పాట చేశాడు. రకరకాల మందులు కలిపి మత్తు కోసం తాగేవాళ్లకి వీధి పెట్టిన పేరు అది, సైన్స్ ల్యాబులో కలిపినట్టు కలుపుతారని. పాట మత్తుని పొగిడిందని కొందరు తిట్టారు. ఆయన మాత్రం అది వద్దని చెప్పే పాట అన్నాడు. అదే ఏడాది మే నెలలో ప్రభుత్వం కోడీన్ దగ్గు మందు తయారీని, దిగుమతిని నిషేధించింది. అంటే పాట ఎత్తి చూపింది లేని జబ్బు కాదు. కాకపోతే డాన్సు బీటు మీద పెట్టి చూపిస్తే, జనం డాన్సే చేస్తారు. ఆ చిక్కు మాత్రం పాటలోనే ఉంది, దాచలేం.

పాత_క్యాసెట్
బుధవారం, రాత్రి 9:30

డబ్బున్న మోసగాణ్ణి పాటలో పొగడడం వెనక ఇంకో కారణం కూడా ఉంది. యోరుబా వాళ్లకి 'ఒరికి' అనే ఒక సంప్రదాయం ఉంది: మనిషి పేరుని, వంశాన్ని, గుణాల్ని వరసగా పొగుడుతూ చెప్పడం. మన రాజుల బిరుదు పద్యాల్లాంటిదే అయినా అక్కడ రాజుకే కాదు, ప్రతి బిడ్డకీ ఒక ఒరికి పేరు ఉంటుంది. అమ్మ ఆ పేరుతో పిలిచి లాలిస్తుంది. అషాకే అన్నది అలాంటి పేరే, అదీ ఆడవాళ్ల పేరు. ఆ కుర్రాడి అసలు పేరు అహ్మద్ ఒలొలాడె. వేదిక మీద పెట్టుకున్నది అమ్మ పేరు.

ఫూజీ గాయకుడు పార్టీలో డబ్బున్నవాడి ఒరికి పాడతాడు, ఆ డబ్బున్నవాడు గాయకుడి నుదుటి మీద నోట్లు అతికిస్తాడు. బతుకుదెరువు అదే. ఆ డబ్బు ఎక్కడిదని గాయకుడు ఏనాడూ అడగలేదు. ఇవాళ వీధిలో డబ్బున్నవాడు మారాడు, పొగిడే పద్ధతి మారలేదు. అది సమర్థన కాదు. నాకైతే ఆ పాటలు వింటే మనసు నొచ్చుకుంటుంది. కానీ ఒకే నోట అమ్మ పేరూ, మోసగాడి పేరూ ఎలా వస్తున్నాయో తెలియాలంటే ఇది తెలియాలి.

సూటిగా
బుధవారం, రాత్రి 10:05

ఇది నాకు కొత్త విషయం బాబాయ్. ఆ అమ్మ పేరు సంగతి విన్నాక అషాకేని ఒకసారి వినాలనిపించింది. మోసం పాటల మీద నా మాట మాత్రం మారదు.

నీలి_గొడుగు
గురువారం, తెల్లవారుజామున 3:10

నేను లండన్‌లో నర్సుని. ఇంతకాలం ఈ చర్చ చదువుతూ ఊరుకున్నాను, కానీ ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా వార్డులో ఒక నైజీరియా అక్క ఉంది. వాళ్లది ఇకొరొడు, లాగోస్‌కి ఉత్తరాన, మడుగు పక్కన ఉన్న ఊరు. మోబాడ్‌ది కూడా ఇకొరొడే. 2023 సెప్టెంబరు 12న అతను చనిపోయినప్పుడు వయసు 27. మర్నాడే పాతిపెట్టారు, తర్వాత ఎలా చనిపోయాడో తేల్చాలని పోలీసులు శవాన్ని బయటికి తీయించారు. లాగోస్‌లో వేల మంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. ఆ వారం మా అక్క డ్యూటీకి వచ్చింది గానీ మనిషి మనిషిలా లేదు.

రాత్రి రౌండ్ అయిపోయాక, నర్సుల గదిలో, ఫోన్ బల్ల మీద పెట్టి 'పీస్' అనే పాట వినిపించింది. డాన్సు పాటలాగే ఉంది, నా కాలు తెలియకుండానే కదిలింది. అప్పుడు ఆమె ఒక్కో లైనూ ఆపి, అర్థం చెప్పి, మళ్లీ నొక్కింది. శాంతి కావాలని అడుగుతున్నాడు, అంతే. ఆమె కళ్లు తుడుచుకుని, "మేము దీనికి డాన్స్ చేశాం" అంది. ఆ ఒక్క మాట తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. బెల్ మోగితే లేచి వెళ్లాం.

అతని అసలు పేరు ఇలెరిఒలువా. దేవుడు ఇచ్చిన మాట అని అర్థమట. అభిమానులు 'ఇమొలె' అంటారు, వెలుగు అని. తమ్ముడూ, పడ్డ కష్టం గురించి వీళ్లు చెప్పేది అప్పజెప్పే మాటేమో అని మొదట రాశావు కదా. అతను బతికుండగా కష్టంలో ఉన్నానని పాటల్లోనూ, బయటా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్లం బీటు విన్నాం.

రాత్రి_షిఫ్టు
గురువారం, ఉదయం 5:40

అక్కా, షిఫ్టు అయ్యి బస్సులో కూర్చుని చదివాను. నేను రాసిన ఆ మాటకి సిగ్గుపడుతున్నాను. 'పీస్' నేను కనీసం వంద సార్లు విని ఉంటాను, ఒక్కసారి కూడా అర్థం వెతకలేదు.

తెలుగు_వాచకం
గురువారం, ఉదయం 11:00

అర్థం వెతికినా దొరకడం కష్టమే నాయనా. దానికి కారణం చెబుతాను. నేను రిటైరైన తెలుగు మాస్టారిని, భాషల మీద ఆసక్తితో యోరుబా కొంచెం నేర్చుకున్నాను.

ఆ భాషలో మాట అర్థం స్వర స్థాయి మీద ఆధారపడుతుంది. పై స్థాయి, మధ్య స్థాయి, కింది స్థాయి. 'ఒకో' అనే మాటనే తీసుకోండి. ఒక స్థాయిలో పలికితే మొగుడు, ఇంకో స్థాయిలో మట్టి తవ్వే పార, ఇంకో స్థాయిలో బండి. మన పద్యంలో గురువు, లఘువు కాలాన్ని కొలుస్తాయి. ఎంతసేపు పలకాలి అన్నది లెక్క. వాళ్ల పాటలో ఎంత ఎత్తులో పలకాలి అన్నది లెక్క. అంటే రాగం కట్టేవాడు ఇష్టమొచ్చినట్టు కట్టలేడు. మాటే సగం రాగాన్ని తనతో తెచ్చుకుంటుంది. డుండున్ అనే డోలు తాళ్లు నొక్కి స్థాయి మారుస్తూ మాటల్నే పలికిస్తారు, వినేవాళ్లు ఆ వాక్యాన్ని పట్టుకుంటారు.

అందువల్ల కండక్టర్ కేకకి అప్పటికే ఒక రాగం ఉంది. గాయకుడు వీధి మాట ఎత్తుకున్నాడంటే వీధి రాగం కూడా వెంట వచ్చేసినట్టే. ఇకెజా నుంచి రాసే బాబు చెప్పిన దానికి నేను కలిపేది ఇదొక్కటే. రెండు అర్థాలు ఒకే మాటలో పెట్టి ఆడుకోవడం కూడా ఇందువల్లే వాళ్లకి అంత సులువు. మన శ్లేషలాగా, కాని వేగంగా.

బీట్లు_కట్టే_పిల్ల
గురువారం, మధ్యాహ్నం 12:25

మాస్టారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఆటోట్యూన్, అంటే గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్, గట్టిగా పెడితే యోరుబా పాట ఎందుకో పేలవంగా వినిపిస్తుందని నాకు తెలుసు గానీ కారణం తెలియదు. స్థాయిని కదిపితే అర్థమే కదిలిపోతుందన్నమాట.

ఒక్క మనవి మాత్రం. ఇదంతా లాగోస్, యోరుబా చుట్టూనే తిరుగుతోంది. నైజీరియాలోనే ఉన్న బెనిన్ సిటీ నుంచి షాలిపోపి వచ్చాడు కదా, 2023లో. అతనిది ఎడో భాష, పిడ్జిన్ (ఇంగ్లిష్‌తో కలగలిసిన వాడుక భాష). గొంతు ఎత్తడు, పాడుతున్నట్టే ఉండదు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటుంది. 'ఒబాప్లూటో' పాటలో పా మండే ఎడో ఇగ్బినిడు అనే పెద్దాయన పాత ఎడో పాటని కింద పరిచి దాని మీద తన మాట వేశాడు. లాగోస్ కుర్రాళ్లు ఫూజీ తెచ్చుకున్నట్టే ఇతను తన తాతల పాట తెచ్చుకున్నాడు. ప్రేరణ అంటే నాకు అదే బాగా నచ్చింది.

సూటిగా
గురువారం, సాయంత్రం 6:15

ఇంకో ప్రశ్న అడగనా? ఈసారి కోపంతో కాదు. పాట హిట్టయ్యాక వీళ్లు ఆ వీధి వదిలి లెక్కీలో పెద్ద ఇళ్లకి వెళ్లిపోతారు కదా. అషాకే 2024లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ చేశాడు. ఆ తర్వాత కూడా "వీధే నా పాట" అంటే ఎలా నమ్మాలి?

ఇకెజా_నుంచి
గురువారం, రాత్రి 9:20

నమ్మాల్సిన పనిలేదు, పాట వింటే తెలిసిపోతుంది. అషాకే 2023లో 'లోన్లీ ఎట్ ద టాప్' పాడాడు. పైకి ఎక్కాక ఒంటరితనం అని. ఆ పాట ఇక్కడ ఎన్ని నెలలు మోగిందో! వీధి వదిలినవాడు వీధిలోనే ఉన్నానని అబద్ధం చెప్పకుండా, వదిలాక ఎలా ఉందో చెప్పాడు. నాకు అది నిజాయితీగా అనిపించింది.

ఇక రెండో దారి ఒలామిడెది. ఆయన పైకెళ్లాక కింద నుంచి కొత్త గొంతుల్ని తెచ్చుకున్నాడు. బెల్లా ష్‌ముర్డా 'విజన్ 2020' రీమిక్స్‌లో తన గొంతు ఇచ్చాడు. టీఐ బ్లేజ్ 'సమ్‌టైమ్స్' రీమిక్స్‌లో ఇచ్చాడు. 2021 చివర్లో పోర్టబుల్ అనే ఎవరికీ తెలియని కుర్రాడి 'జజూ జే'లో పాడాడు. ఆ డిసెంబరులో లాగోస్‌లో ఆ పాట వినపడని సందు లేదు. అషాకే 'ఒమో ఒపె'లోనూ ఆయనే. తర్వాత అషాకేని తన మ్యూజిక్ కంపెనీ వైబీఎన్ఎల్‌లోకి తీసుకున్నాడు. ఆయనకి లాభమే, అందులో అనుమానం లేదు. కానీ వీధి కూడా అలా రేడియోలో మిగిలి ఉంది.

అసలు ఇప్పుడు వీధి మునుపటికంటే గట్టిగా ఉంది తమ్ముడూ. 2023 మే 29న కొత్త అధ్యక్షుడు పెట్రోలు సబ్సిడీ తీసేశామని చెప్పిన మూడు రోజుల్లో లీటరు రెండు వందల నైరా లోపు నుంచి ఐదు వందల దరిదాపులకి పోయింది. ఆ ఉదయం మా హెల్పర్ రెండు గంటలు నడిచి పనికొచ్చాడు, డాన్ఫో చార్జీ పెట్టుకోలేక. ఇక్కడ చేతిలో పైసా లేని స్థితిని 'సాపా' అంటారు, అదేదో మనిషి అయినట్టు, సాపా పట్టుకుంది, సాపా కొడుతోంది అంటారు. దేశం వదిలి పారిపోవడం 'జాపా'. ఈ రెండు మాటల మధ్య ఒక తరం మొత్తం నలుగుతోంది. పాటల్లో ఇవి ఎందుకు వస్తున్నాయని వేరే అడగాలా?

నీలి_గొడుగు
గురువారం, రాత్రి 11:45

జాపా అంటే మా అక్క నవ్వుతుంది, "నువ్వూ నేనూ అదే కదా" అని. నేను నెల్లూరు వదిలి ఇక్కడికి వచ్చినదాన్ని.

రాత్రి_షిఫ్టు
శుక్రవారం, తెల్లవారుజామున 4:05

బ్రేక్‌లో కూర్చుని 'పీస్' ఈసారి మాస్టారు చెప్పినట్టు విన్నాను. ఏ మాట దగ్గర గొంతు పైకి పోతోంది, ఏ మాట దగ్గర కిందికి దిగుతోంది అని కాగితం మీద గీతలు గీసుకుంటూ. పక్క సీటు అబ్బాయి ఏం చేస్తున్నావని అడిగితే చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టాను. కాలు ఆడించాడు. నీలి గొడుగు అక్క రాసింది తెలుగులో చదివి వినిపించాను. కాలు ఆగిపోయింది. పాట పూర్తిగా విని, పేరు రాసుకున్నాడు.

ఇకెజా అన్నా, ఒక చిన్న కోరిక. ఓషోడి దగ్గర ఆ కండక్టర్ల కేకలు ఒక నిమిషం రికార్డు చేసి పెడతారా? పాట కాదు, ఉత్త కేకలే.

ఇకెజా_నుంచి
శుక్రవారం, ఉదయం 6:50

పెడతా తమ్ముడూ. ఇవాళే అనుకున్నాను గానీ వాన. వానలో డాన్ఫో కిటికీలు మూసేస్తారు, కేక సరిగా వినపడదు. రేపు శనివారం పొద్దున్నే వెళ్లి అగేగే రొట్టె వేడిగా ఉండగానే ఒకటి కొనుక్కుని, పక్కన ముసలమ్మ దగ్గర ఎవా అగొయిన్, అంటే మెత్తగా ఉడికిన బొబ్బర్ల మీద నల్లటి కారం నూనె పోసి ఇస్తుంది, అది తింటూ నిలబడతా. ఆ ముసలమ్మ కూడా కేక వేస్తుంది. ఆమెదీ రికార్డు చేస్తాను.